గోడ పక్కన రెండో గేరు

ఈ పని నేర్చుకుంటామని నా దగ్గరికి ఇప్పటికీ ఒకరిద్దరు వస్తుంటారు. వచ్చీరాగానే ల్యాప్‌టాప్ తెరిచి, తెర మీద గీతలు చూపించి, "ఈ సెట్టింగ్ కరెక్టేనా అంకుల్?" అని అడుగుతారు. బండి ఏది బాబూ అంటే ఇంటి దగ్గర ఉందంటారు. పేషెంటును ఇంట్లో పడుకోబెట్టి రిపోర్టులు మాత్రం పట్టుకొచ్చినట్టు ఉంటుంది. నాకు కంప్యూటర్ల మీద కోపమేమీ లేదు. పనిలో నా చివరి సంవత్సరాలన్నీ వాటి పుణ్యమా అని గడిచినవే. కానీ బండి లేకుండా బండి గురించి మాట్లాడమంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

షట్టర్ దించేశాక తీరిక దొరికింది. ఎవరి గొప్పలూ ఇక్కడ రాయను, నావి అసలే రాయను. ఈ పని నిజంగా ఎలా ఉండేదో, అందులో ఏది నేర్చుకోదగ్గదో, ఏది మా మూర్ఖత్వమో, అది మాత్రం చెబుతాను.

మూర్తి గారి సందు

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు నడిస్తే ఎడమ చేతి మీద ఒక సందు ఉండేది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. తొంభైల మొదట్లో నేను ఆ సందులోని మూర్తి గారి గ్యారేజీలో చేరాను. నా పేరు ఇమ్మానుయేలు, మాది మెదక్ పక్కన ఒక చిన్న ఊరు. ఐటీఐ చదివి, చాదర్‌ఘాట్‌లో ఒక మెకానిక్ దగ్గర పనికి కుదిరితే, ఆయన నేర్పడం పక్కనబెట్టి, పాఠం దొంగిలిస్తానేమోనని కార్బురేటర్ విప్పేటప్పుడు నాకు వీపు చేసి కూర్చునేవాడు. అక్కడి నుంచి పారిపోయి వచ్చాను.

మూర్తి గారు ఆయనకు పూర్తిగా వేరు. వాళ్ల నాన్నగారు సెక్రటేరియట్ గుమాస్తా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు గుంటూరు వైపు నుంచి కుటుంబంతో హైదరాబాద్ వచ్చేశారు. అప్పటికి మూర్తి గారు నిక్కర్లు వేసుకునే వయసువారు. నగరంలోనే పెరిగినా ఇంట్లో మాట్లాడే మాటను ఆయన వదలలేదు. "ఏవయ్యా, కాస్త ఇటు రా" అనేవారు. నేను "ఏంది సార్" అంటే, "ఏంది కాదయ్యా, ఏమిటి" అని దిద్దేవారు. నేను దిద్దుకోలేదు, ఆయన మానలేదు. గుడ్ ఫ్రైడేకి నేను అడక్కముందే సెలవిచ్చేవారు. క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి వచ్చే కేకులో మొదటి ముక్క ఆయనకే పోవాలని కూడా పట్టుబట్టేవారు.

గ్యారేజీలో మూడో మనిషి జహంగీర్. కరెంటు పని అతనిది. వైర్లను చూసి వాటితో ఉర్దూలో మాట్లాడేవాడు. నాలుగో మనిషి లేడు, అవసరమూ రాలేదు.

మాకు ఎక్కువగా వచ్చేవి నాంపల్లి కోర్టుల లాయర్ల కార్లు. వాళ్లు జడ్జి ముందు వాదించినట్టే బోనెట్ ముందు కూడా వాదించేవారు. మూర్తి గారు స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. అది చూసి ఎంతటి లాయరైనా గొంతు తగ్గించేవాడు. కార్బురేటర్ స్క్రూ ఆయన చేతిలో తిరుగుతుంటే, ఇంజిన్ ఏడుపు ఆపి నెమ్మదిగా సర్దుకోవడం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఆ రోజుల్లో అంత సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆదివారాలు చర్చి అయ్యాక నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికేవాణ్ని. ఎవరో అమ్మేసుకున్న కార్ల మాన్యువళ్లు దొరికేవి. సోమవారం వాటిని మూర్తి గారికి చూపిస్తే, శ్రద్ధగా బొమ్మలన్నీ చూసి, "బానే రాశాడు, కానీ వీడు మన నౌబత్ పహాడ్ ఎక్కలేదయ్యా" అనేవారు.

గోడ

ఆ మాటకి అర్థం ఉంది. ఇప్పటి పిల్లలకి ఇది తప్పకుండా తెలియాలి.

ఇంజిన్‌లో పెట్రోల్ తగ్గినా, నిప్పురవ్వ పడాల్సిన దానికంటే ముందే పడినా, లోపల మంట అదుపు తప్పి పిస్టన్ నెత్తిన కొడుతుంది. దాన్ని మేము "కొట్టడం" అంటాం. సన్నటి చప్పుడు. ఖాళీగా నిలబెట్టిన బండిలో రాదు. బరువు లాగేటప్పుడే వస్తుంది, అదీ బండి రొదలో కలిసిపోతుంది. దాన్ని పట్టించుకోకపోతే కొన్నాళ్లకు పిస్టన్‌కి చిల్లి పడుతుంది.

అది వినడానికి మూర్తి గారికి ఒక పద్ధతి ఉండేది. అసెంబ్లీ దాటి నౌబత్ పహాడ్ కొండ ఎక్కే దారిలో ఒకవైపు రాతిగోడ ఉంది. పొద్దున్నే రద్దీ లేనప్పుడు అక్కడికి పోయి, బండిని గోడకు ఆనుకున్నంత దగ్గరగా పెట్టి, రెండో గేరులో యాక్సిలరేటర్ మొత్తం తొక్కి ఎక్కించాలి. ఇంజిన్ చప్పుడు గోడకు తగిలి, ఎడమ కిటికీలోంచి తిరిగి లోపలికి వస్తుంది. బండిలో కూర్చుంటే వినపడనిది గోడ వినిపిస్తుంది. ఆ రోజుల్లో చాలా బండ్లకు ఎడమవైపు, వెనక వచ్చేవాటిని చూసే అద్దమే ఉండేది కాదు, గోడకు ఇంకాస్త దగ్గరగా పోవడానికి అది కలిసొచ్చింది.

నడిపేది నేను. ఎడమ సీట్లో తల కాస్త బయటికి పెట్టి వినేది ఆయన. చప్పుడు మొదలయ్యేదాకా నిప్పురవ్వ పడే టైమింగ్ ముందుకు జరిపి, మొదలవగానే వెంట్రుకవాసి వెనక్కి తెచ్చేవారు. నడిపేవాడు మాట్లాడకూడదు, అది మా గ్యారేజీ నియమం. ఇద్దరూ తీర్పు చెబితే బండికి ఇద్దరు యజమానులవుతారు అనేవారాయన. ఎడమ సీటుదే చివరి మాట. ఎన్నో ఏళ్లపాటు ఆ సీట్లో ఆయన తప్ప ఇంకొకరు కూర్చోలేదు.

నుమాయిష్ రోజుల్లో మాత్రం మాకు గోడ ఉండేది కాదు. ఏటా జరిగే ఆ ఎగ్జిబిషన్‌కి వచ్చే జనంతో చుట్టుపక్కల దారులన్నీ నిండిపోయి, సందులోంచి బండి బయటికి తీయడమే గగనమయ్యేది. ఆ నెలంతా మేము ఆయిల్ మార్చి, పల్లీలు తిని, నుమాయిష్‌కి వచ్చిన జనాన్ని చూస్తూ గడిపేవాళ్లం. నాకు ఆ పల్లీల వాసన ఇంకా గుర్తుంది. ఆ దారిన పోతే మనసు అదోలా అయిపోతుంది.

అంతా పెట్రోల్ తప్పే

మా కాలం మెకానిక్కులకు ఒక జబ్బు ఉండేది. ఏ బండి కొట్టినా "పెట్రోల్ కల్తీ" అనేవాళ్లం. అందులో అబద్ధం లేదు. కిరోసిన్ కలిపిన పెట్రోల్ ముక్కు దగ్గర పెడితే తెలిసిపోయేది. కానీ సగం నిజమైన సాకు మహా ప్రమాదం. ఎప్పుడు పడితే అప్పుడు పనికొస్తుంది కాబట్టి ఎవరూ దాని వెనక ఏముందో చూడరు.

కొత్త శతాబ్దం వచ్చాక మా దగ్గర ట్యూన్ చేయించుకున్న కార్లు కొన్ని వెనక్కి రావడం మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు కొడుతోందని ఒక లాయరు రెండుసార్లు వచ్చాడు. ఇంకొకాయన బండిలో పిస్టనే పోయింది. మూర్తి గారు విని చూసి, "నేను సెట్ చేసినప్పుడు శుభ్రంగా ఉంది. పెట్రోల్ మార్చండి" అన్నారు. జహంగీర్, నేనూ తల ఊపాం. గోడ దగ్గర నడుపుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు నాకు ఏదో వినపడ్డట్టు అనిపించింది. కుడి సీట్లో కూర్చున్నవాడికి సరిగ్గా వినపడదు, ఆయనకు వినపడనిది నాకెలా వినపడుతుందిలే అనుకున్నాను. పెట్రోల్ మంచిది కాదనుకోవడం ఆయన చెవి మంచిది కాదనుకోవడం కంటే చాలా తేలిక.

ఇంకోవైపు మా కార్బురేటర్లకే కాలం చెల్లుతోంది. కొత్త చిన్న కార్లన్నీ కంప్యూటర్లతో వస్తున్నాయి. వాటిలో తిప్పడానికి స్క్రూ ఉండదు, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంత చిమ్మాలో కంప్యూటరే చెబుతుంది. లాయర్లు ఒక్కొక్కరే అలాంటి కార్లు కొనుక్కుని, మాకు దారిలో చెయ్యి ఊపి వెళ్లిపోయేవారు. మూర్తి గారు బల్ల మీద పాత కార్బురేటర్లు విప్పి కడిగి మళ్లీ బిగించేవారు. అడిగితే ఊరికేనయ్యా అనేవారు.

స్క్రూలున్న డబ్బా

అలాంటప్పుడు కిరణ్ వచ్చాడు. కాచిగూడ కుర్రవాడు, కాలేజీ అయిపోయి ఏదో ఉద్యోగంలో ఉన్నాడు. చిన్న కారు, లోపల కంప్యూటర్ ఉన్నదే. వేగం పెరగాలని ఎక్కడో ఇంజిన్ పైమూత, అదే హెడ్, అరగదీయించి, సైలెన్సర్ మార్పించాడు. ఇంజిన్ మారింది కానీ కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. పాత లెక్కనే పెట్రోల్ ఇస్తోంది. చాలక ఇంజిన్ కొడుతోంది. ఎవరో చెబితే, దుబాయ్‌లో ఉన్న బావతో ఒక ఫ్యూయల్ కంట్రోలర్ తెప్పించుకున్నాడు. సబ్బుపెట్టె అంత డబ్బా. కంప్యూటర్‌కీ ఇంజెక్టర్లకూ మధ్య కూర్చుని, పోయే పెట్రోల్‌ని మనం చెప్పినట్టు పెంచుతుంది, తగ్గిస్తుంది.

"ఊరి బయట గ్రౌండ్‌ల ఆదివారం రేస్ ఉంది అంకుల్" అన్నాడు కిరణ్. "గాడ ఇంజిన్ పోయిందంటే మా డాడీ బండి అమ్మేస్తడు. ఇంక మల్ల కొననియ్యడు."

మూర్తి గారు డబ్బా మూత తీశారు. లోపల వరసగా చిన్న చిన్న స్క్రూలు. ఒకటి తక్కువ వేగానికి, ఒకటి మధ్య వేగానికి, ఒకటి పై వేగానికి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావటయ్యా ఇమ్మానుయేలూ, స్క్రూలు మళ్లీ వచ్చాయి" అన్నారు.

నేర్చుకునేవాళ్ల కోసం బిగింపు సంగతి కొంచెం చెబుతాను. డబ్బాను ఇంజిన్ పక్కన పెట్టవద్దు, వేడికి చస్తుంది. లోపల డ్యాష్‌బోర్డు కింద పెట్టండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టవద్దు, మన ఎండలకు ఆ టేపు జారిపోతుంది. టంకం వేయండి. అన్నింటికంటే ముఖ్యం ఎర్త్, అంటే కరెంటు బండి రేకులోకి తిరిగి పోయే దారి. నేను ఎర్త్ వైరును కనపడిన మొదటి బోల్టుకి బిగించాను. బండి బ్రహ్మాండంగా స్టార్ట్ అయింది. సందు చివర ఆటో అడ్డం వస్తే హారన్ కొట్టాను. ఇంజిన్‌కి ఎక్కిళ్లు వచ్చాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ ఎక్కిళ్లు. నాంపల్లిలో కాక ఇంకెక్కడైనా అయితే ఈ లోపం నెల దాకా బయటపడేది కాదేమో.

జహంగీర్ డ్యాష్‌బోర్డు కింద దూరి చూసి నవ్వాడు. "పెయింట్ మీద ఎర్త్ ఇచ్చినవేందిరా భై. హారన్‌దీ గీడనే ఉంది. రెండూ కొట్లాడుకుంటున్నయ్. కంప్యూటర్‌ది యాడ ఉందో గాడనే ఇయ్యాలె, జర గోకి."

రంగు గోకి, వైరును కంప్యూటర్ ఎర్త్ దగ్గరికే మార్చాం. ఎక్కిళ్లు పోయాయి. డబ్బా ఎంత కొత్తదైనా, దాన్ని అనుమానించే ముందు మీ చేతిపనిని అనుమానించండి.

ఎడమ సీటు

మర్నాడు పొద్దున్నే నౌబత్ పహాడ్ దగ్గరికి పోయాం. నేను నడుపుతున్నాను. ఎడమ సీట్లో మూర్తి గారు, ఆయన మోకాళ్ల దగ్గర మూత తీసిన డబ్బా. వెనక కిరణ్.

మొదటి ఎక్కుడులో బండి బరువుగా లాగింది. పెట్రోల్ ఎక్కువైంది. "ముక్కుతోందయ్యా, తగ్గిద్దాం" అని మూర్తి గారు మధ్య స్క్రూ తిప్పారు. ఆ మాట నిజమే. కింది దాకా వచ్చి మళ్లీ ఎక్కాం. బండి ఈసారి ఉరికింది. సగం ఎక్కేసరికి గోడ మీంచి చప్పుడు వచ్చింది. ఏదో వినపడ్డట్టు కాదు, స్పష్టంగా. కుడి సీట్లో ఉన్న నాకే వినపడిందంటే ఎడమ సీట్లో ఎలా ఉండాలి. ఆయన వైపు చూశాను. తల బయటికి పెట్టి, కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే వింటున్నారు. ముఖంలో ఏమీ లేదు.

"దారికొచ్చింది" అన్నారు పైకి చేరాక. "ఇంకాస్త తగ్గిస్తే ఇంకా లాగుతుంది." స్క్రూడ్రైవర్ డబ్బా వైపు పోయింది.

వెనక్కి వచ్చిన లాయర్ల బండ్లన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ స్క్రూ ఇంకొంచెం తిరిగితే కిరణ్ ఇంజిన్ ఆదివారం దాకా బతకదు. నేను నోరు తెరిస్తే, ఎవరి చెవి చూసి నాంపల్లి కోర్టంతా గొంతు తగ్గించిందో ఆ మనిషి, కస్టమర్ ముందు, ఆ సీట్లోనే చిన్నబోతాడు. బండి పక్కకు ఆపాను.

"సార్, కొడ్తుంది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "లేదే. వేరే బండిదేమో."

"మన బండే సార్."

"ఏమైంది అంకుల్?" అన్నాడు కిరణ్ వెనక నుంచి.

మూర్తి గారికి కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననిపించింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్‌ని కాసేపు చూసుకున్నారు. తర్వాత తలుపు తీసి దిగి, బండి చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"దిగు. నువ్వు అటు కూర్చో."

నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆయన నడిపారు. ఆయన ఎంత బాగా నడుపుతారో నాకు అప్పటిదాకా తెలియదు. గోడను తాకీ తాకనట్టు పోనిచ్చారు. ఆ సీట్లోంచి చప్పుడు భయంకరంగా ఉంది.

"ఎక్కడ మొదలవుతోంది?"

"నడుమల సార్. స్పీడ్ అందుకునేటప్పుడు. పైకి పోయినంక ఉంటలేదు."

స్క్రూడ్రైవర్ నా ఒళ్లో పెట్టారు. "అయితే తిప్పు."

తిప్పాను, ఎక్కాం, విన్నాను. మళ్లీ తిప్పాను. చప్పుడు పోయాక, భద్రం కోసం ఇంకొంచెం పెట్రోల్ పెంచాను. ఇది మీరూ గుర్తుంచుకోండి, ఎండాకాలం మధ్యాహ్నం ఇంజిన్ పొద్దుటి ఇంజిన్ కాదు. పైన ఆగి నిప్పురవ్వ వేసే ప్లగ్గు విప్పి చూశాం. లేత గోధుమరంగు, ఉండాల్సినట్టే ఉంది.

మూర్తి గారు ప్లగ్గు బిగించి, చేతులు తుడుచుకుని కిరణ్‌తో అన్నారు: "బాబూ, ఈ బండి ఇమ్మానుయేలు చెవి మీద సెట్ అయింది. నాకు వినపడలేదు. ఏమైనా తేడా వస్తే ఇతన్నే అడుగు."

కిరణ్‌కి ఆ మాట బరువు తెలియదు. "థ్యాంక్స్ అంకుల్, ఇంక ఫుల్ తొక్కొచ్చా?" అన్నాడు. ఆదివారం బండి నిక్షేపంలా తిరిగి వచ్చింది, గెలవలేదనుకోండి.

తర్వాత సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ వారంలో మూర్తి గారు వెనక్కి వచ్చిన బండ్ల లాయర్లకు తానే ఫోన్ చేసి, "తప్పు పెట్రోల్‌ది కాదండి, నాది" అని చెప్పి, బండ్లు తెప్పించి ఉచితంగా టైమింగ్ సరిచేయించారు. ఒక్కరూ వాదించలేదు. చెవి డాక్టరు, సన్నటి చప్పుళ్లు పోయాయి, మందమైనవి ఉన్నాయి అన్నాడు. అందుకే నిలబడి ఉన్న ఇంజిన్‌ని ట్యూన్ చేయడంలో చివరిదాకా ఆయన్ని మించినవాడు లేడు. కొండకు పోయినప్పుడు మాత్రం స్టీరింగ్ ఆయనది, ఎడమ సీటు నాది. నేను చూసిన పెద్దల్లో, తన లోపం చూపించిన అద్దాన్ని పగలగొట్టనివాడు ఆయనొక్కడే. పెద్దమనిషి తప్పు విన్నప్పుడు ఎలా ఉండాలో నాకు ఏ మాన్యువల్లోనూ దొరకలేదు.

ఆ పొద్దున కిరణ్ మమ్మల్ని నాంపల్లి స్టేషన్ ముందు దింపి వెళ్లిపోయాడు. ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఒక చాయ్ చెప్పి, ఇద్దరం పంచుకున్నాం.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"అనుమానమే సార్. ఖాయంగ ఇయ్యాల్నే తెలిసింది."

"జహంగీర్‌కి?"

"ఆయనకు గూడ అనుమానమే."

ఆయన తల ఊపారు. కప్పు పక్కకు జరిపి, బల్ల మీదికి కొంచెం వంగి, నా నోటి వైపే చూస్తూ అడిగారు.

"ఆ చప్పుడు ఎలా ఉంది? చెప్పు నాకు."

"స్టీల్ గ్లాసుల నాలుగు చింతగింజలేసి మెల్లగ ఊపితే ఎట్లుంటది సార్, గట్ల. గోడలకెల్లి వస్తది. ఒక్కపాలి గలగలమని ఆగిపోతది."

మూర్తి గారు కళ్లు మూసుకున్నారు. గోడ దగ్గర ఎలా వినేవారో అలాగే విన్నారు.

"అవునయ్యా" అన్నారు. "అలాగే ఉండేది."